కంప్యూటర్ మూల

రోజారాణి స్విచ్ వేసింది. డబ్బాలో ఫ్యాను గిర్రున తిరిగింది. ముందు భాగంలో ఆకుపచ్చ దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉండి, "నో సిగ్నల్" అనే చిన్న పలకను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పుతూ కూర్చుంది.

"నడిచిందా?" మంచం మీద బీడీ ఆకు కత్తిరిస్తున్న అత్త లింగవ్వ అడిగింది.

"నడుస్తది అత్తమ్మా."

"పొద్దుగాల గూడ గట్లనే అంటివి."

"పొద్దుగాల వేరే, ఇప్పుడు వేరే. పొద్దుగాల ర్యాము చూడలేదు."

లింగవ్వకు ర్యాము అంటే ఏమిటో తెలియదు. అడగలేదు కూడా. కోడలు ఇంగ్లీషు మాటలు ఎక్కువ వాడుతోందంటే ఏదో చెడగొట్టిందని మాత్రం ఆమెకు ఇన్నేళ్ల కాపురంలో తెలిసిపోయింది.

నిజానికి మొన్నటి దాకా ఆ కంప్యూటర్ నడిచింది. స్విచ్ వేసి, చాయ్ పెట్టి, తాగి, గిన్నె కడిగి వచ్చేసరికి తెర మీద బొమ్మ పడేది. అయినా నడిచేది. రోజారాణి బాగుచేసింది కాబట్టి ఆగిపోయింది. ఈ సంగతిని ఆమె తనకు తాను ఇంత సూటిగా చెప్పుకోలేదు. అప్‌గ్రేడ్‌లో ఉంది అనుకుంది.

ముందరి గదిలో కిటికీ పక్క మూల ఆమెది. పెళ్లయి ఇన్నేళ్లకు ఆ ఇంట్లో తనది అని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్న జాగా అదొక్కటే. బీరువాలో సగం మొగుడు ముత్తెన్న చొక్కాలు, మిగిలిన సగంలో ముప్పాతిక అత్త చీరలు. వంటిల్లు నీదే అని అందరూ అనేవారు గాని, ఏ డబ్బా ఎక్కడ ఉండాలో లింగవ్వే చెప్పేది. మూలలో మాత్రం ఒక టేబులు, దాని మీద పాత డెస్క్‌టాప్, గోడకు మేకు కొట్టి తగిలించిన డీసీఏ అనే కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్. బస్టాండు రోడ్డులో సాలోమోను ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. అక్కడికి వచ్చే పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు ఆమె ఇక్కడ కూర్చుని టైపు చేసి ఇచ్చేది. ఆ తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ ఎంత పాతదంటే కొత్త కంప్యూటర్లు దాన్ని లోపలికి రానివ్వవు. ఆ కుర్చీలో కూర్చున్నంత సేపు రోజారాణిని ఉప్పు ఎక్కడుందని ఎవరూ అడగరు. "పనిల ఉంది" అంటారు. ఆ మాట వినడానికే ఆమె సగం కార్డులు టైపు చేసేది.

ఆ మూలకే గండం వచ్చింది. ముత్తెన్న మస్కట్ నుంచి తిరిగొచ్చాక ట్రాలీ ఆటో కొని, వేల్పూర్ వైపు పల్లెల నుంచి పసుపు బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతున్నాడు. సీజను బాగుంది. పోయిన వారం యార్డు నుంచి వస్తూ వస్తూ రెండు తలుపుల ఫ్రిజ్జుకు అడ్వాన్సు కట్టి వచ్చాడు.

"ఆదివారం తెస్త. వంటింట్ల పట్టది. గా మూలకు పెడదాం," అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"మరి నా కంప్యూటరు?"

"అది నడుస్తదా, పాకుతదా? దాని కన్న మా అవ్వ జల్ది నడుస్తది."

మోకాళ్ల నొప్పుల లింగవ్వ కూడా నవ్వింది. అదే రోజారాణికి కాలింది. ఆదివారంలోగా దాన్ని రాకెట్ లాగా చేసి చూపిస్తానని అందరి ముందూ శపథం చేసింది. చేసిన తర్వాత ఫోనులో వీడియోలు వెతికింది. ముందు వెతికి తర్వాత శపథం చేసి ఉంటే బాగుండేది, కాని ఆమె ఏ పనీ ఆ వరసలో చేసిన మనిషి కాదు.

పాత ప్రాసెసర్ తీసి, అదే బోర్డులో పెద్ద ప్రాసెసర్ వేస్తే చాలు అని వీడియోలో ఒకాయన చెప్పాడు. ప్రాసెసర్ అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న పలక. రోజారాణి డబ్బా విప్పింది. లోపల పసుపు దుమ్ము. రోడ్డు పక్క ఇల్లు, ఇంటి ముందు బస్తాల ట్రాలీ, దుమ్ము రాక ఏమవుతుంది? అంతా తుడిచి, పాత ప్రాసెసర్ ఊడదీసి, చేతిరుమాలులో చుట్టుకొని భీమ్‌రావు కంప్యూటర్ల దుకాణానికి పోయింది. జాకెట్టు ముక్క పట్టుకొని మ్యాచింగ్ దారం కోసం పోయినట్టు పోయి, "దీని తీర్గనే ఉండాలె, కాని దీనికన్న పెద్దది కావాలె" అంది. భీమ్‌రావు సొరుగులో వెతికి, ఒకటి తీసి, ఆమె కళ్ల ముందే వేరే డబ్బాలో పెట్టి నడిపించి చూపాడు. వేడి తగ్గడానికి ప్రాసెసర్ మీద పూసే పేస్టు కూడా ఇచ్చి, బదులుగా పాతది ఉంచుకున్నాడు. బిగించి ఇస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

"నేనే పెట్టుకుంట. నాకు డీసీఏ ఉంది," అంది.

ఇంటికొచ్చి స్నానం చేసి, దేవుడి గూట్లో దీపం వెలిగించి, కొత్త వస్తువుకు చేయాల్సిన మర్యాద చేసి, స్క్రూడ్రైవర్ పట్టుకుంది. వీడియో పక్కన పెట్టుకొని ఒక్కొక్కటే చేసింది. చివర్లో ప్రాసెసర్ మీద ఇనుప మూత దించి కొక్కెం నొక్కుతుంటే అప్పడం విరిగినట్టు కరకరమంది. వీడియో వెనక్కి జరిపి చూసింది. అలాగే కరకరమంటుంది, భయపడకండి అని వీడియో ఆయన అన్నాడు. ఆయన భయపడలేదు, అది ఆయన కంప్యూటర్ కాదు కదా.

ఆ తర్వాత స్విచ్ వేసింది. నో సిగ్నల్.

ర్యాము తీసి రబ్బరుతో రుద్దింది. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చింది. బిళ్లంత బ్యాటరీ ఉంటే తీసి, కాసేపు అరచేతిలో వెచ్చగా పట్టుకొని తిరిగి పెట్టింది. వెచ్చబెట్టమని ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. తెర వైరు మార్చింది. డబ్బాను గట్టిగా ఒక చరుపు చరిచింది. ఇది డీసీఏలో చెప్పలేదు గాని, ముత్తెన్న టీవీకి చేసేవాడు. ఏది చేసినా ఫ్యాను తిరుగుతూనే ఉంది, తెర నల్లగానే ఉంది. ప్రాసెసర్ మాత్రం మళ్లీ విప్పలేదు. ఆ కరకర ఇంకోసారి వినే ధైర్యం ఆమెకు లేదు. పైగా అది సరిగ్గానే పెట్టానని పూర్తి నమ్మకం. తప్పు తనది కానప్పుడు ఇంకెవరిదో ఒకరిది కావాలి. శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఎండలో భీమ్‌రావు దుకాణానికి పోయింది.

"భీమ్‌రావన్నా, సచ్చిన ముక్క అంటగడ్తివి గదనే నాకు!"

దుకాణంలో ప్రింటర్ బేరం చేస్తున్న ఇద్దరు తిరిగి చూశారు.

"అక్కా, జర మెల్లగ. కస్టమర్లు ఉన్నరు."

"ఉండనియ్యి. వాళ్లకు సుత తెల్వాలె."

"నీ ముందర్నే నడిపిచ్చి చూపెడ్తి గదా. డబ్బ తీస్కరా, చూస్త."

"ఏం చూస్తవ్? అన్నీ నేను చూసిన. ర్యాము రుద్దిన, బ్యాటరీ తీసిన, వైర్లు మార్చిన. నువ్విచ్చిన పేస్టు శనిగ గింజంత పెట్టిన. వీడియోల ఎట్ల చెప్పిండ్రో గట్లనే చేసిన. ఒక్కటి తక్కువ చెయ్యలే, ఒక్కటి ఎక్కువ చెయ్యలే."

భీమ్‌రావు గడ్డం గోక్కున్నాడు. "అట్లయితే మదర్‌బోర్డే పోయినట్టు. ఈ కాలంల గసొంటిది ఎవలు వాడుతున్నరక్కా? కొత్తది చూపెట్టాల్నా?"

"నా పాతది నాకియ్యి. దాన్నే పెట్టుకుంట."

"అది నిన్ననే భీమ్‌గల్ నుంచి వచ్చినాయన పట్టుకపోయిండు."

"చూసిండ్రా?" అని రోజారాణి ప్రింటర్ వాళ్ల వైపు తిరిగింది. "మంచిదేమో అమ్ముకున్నడు, సచ్చిందేమో నాకిచ్చిండు!" ఆ ఇద్దరూ ప్రింటర్‌ను అక్కడే వదిలేసి మెల్లగా మెట్లు దిగారు. ఆమె కూడా దిగింది. సగం దారిలో, అంత గట్టిగా అనాల్సింది కాదేమో అనిపించింది. ఎండ వల్ల అనిపించిందని సర్దిచెప్పుకుంది.

సాయంత్రం ముత్తెన్న వాకిట్లో ట్రాలీ ఆపి, తలగుడ్డ దులుపుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏమే, నీ రాకెట్ ఎగిరిందా?"

"ఎగురుతది."

"ఎగిరేటప్పుడు చెప్పు, ఇంటి రేకులు పోకుండ పట్టుకుంట," అని జేబులోంచి టేపు తీసి, మూల పొడవూ వెడల్పూ కొలవడం మొదలుపెట్టాడు. పాపం, అతను వెటకారానికి కొలవలేదు. ఫ్రిజ్జు పట్టకపోతే దుకాణం వాళ్లు తిరిగి తీసుకోరని అతని భయం. కాని సర్టిఫికెట్ మీదుగా టేపు పాకుతుంటే రోజారాణికి తన ఒంటి కొలతలే తీస్తున్నట్టు అనిపించింది.

అది చాలదన్నట్టు సాలోమోను ఫోను చేశాడు.

"చెల్లె, మన రాధాబాయి మనుమరాలు దివ్యశ్రీ పెళ్లి కార్డు ఏమాయె?"

"అయితుందన్నా. కొంచెం అప్‌గ్రేడ్ నడుస్తుంది."

"అప్‌గ్రేడ్ నడువనియ్యి, కార్డు గూడ నడువాలె గద. రేపు పొద్దుగూకే వరకు ప్రూఫ్ ఇయ్యకపోతే నిజామాబాద్ పంపిస్త. ఏమనుకోకు. ఒక్కసారి అటు పోయినంక ఇంక మల్ల ఇటు రాదు పని, నీకు తెల్సు గదా."

తెలుసు. పని అటు పోతే టేబులెందుకు? టేబులు పోతే మూలలో ఫ్రిజ్జు, ఫ్రిజ్జులో అత్త పెట్టించే నిమ్మకాయ పచ్చడి. ఆ రాత్రి ఆమె అన్నంలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఎవరికి వారే ఉప్పు కలుపుకున్నారు. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది.

శనివారం అన్నాల వేళ లింగవ్వ చీర కొంగు పక్కకు తీసి కూర్చుంది. ఆమెకు షుగర్. తినే ముందు సూది వేసేది కోడలే. రోజారాణి స్పిరిటు సీసా, దూది తెచ్చుకుంది.

"నువ్వు కోపానికి రాకపోతే ఒక మాట అడుగుత," అంది లింగవ్వ.

"అడుగు అత్తమ్మా."

"ఏదన్న కొత్తది ఇంట్లకొస్తే మొదలు ఏం జెయ్యాలె? మా ఆయన సైకిల్ కొన్ననాడు చేసినం. మొన్న ట్రాలీకి చేసినం. మిక్సీకి సుత చేసినం. గా ముక్క లోపటేసినవ్ గదా, దానికి బొట్టు వెట్టినవా? పెట్టకుంటనే వేసినవా?"

రోజారాణికి తిక్క రేగింది. "పెట్టకుంట ఉంటనా? నీ కోడల్ని గాదు? మొదలు గదే చేసిన."

"మంచిగ పెట్టినవా, ఊకె అంటిచ్చినవా?"

"నిండుగ పెట్టిన. పసుపు తడిపి, నడుమ కుంకుమ వెట్టి, దండం బెట్టుకొని మరీ వేసిన."

"మరి యాడ వెట్టినవ్?"

"ముఖానికి."

"దానికి ముఖం గూడ ఉంటదానే?"

"ఉంటది అత్తమ్మా. ఒక దిక్కు ఇనుము తీర్గ మొద్దుగ ఉంటది, దాని మీద పేస్టు పూస్తరు, అది వీపు. ఇంకో దిక్కు సన్నటి బంగారు చుక్కలు, మస్తు మెరుస్తది. గదే ముఖం. గా చుక్కలే కింద బోర్డుకు ఆని..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో దూది అత్త కడుపు మీద తిరుగుతూనే ఉంది. పొద్దున స్నానంలో రాసుకున్న పసుపు వచ్చి, తెల్లటి దూది పచ్చగా అయింది. రోజారాణి దూది వైపు చూసింది. గోడ మీద సర్టిఫికెట్ వైపు చూసింది. మళ్లీ దూది వైపు చూసింది.

ఆ బంగారు చుక్కలన్నీ బోర్డును తాకాలి. తాకితేనే ప్రాణం వస్తుంది. తను వాటి నడుమ, కొత్త పెళ్లికూతురికి పెట్టినంత బొట్టు పెట్టి, దండం పెట్టుకొని, మూత బిగించింది. చేసినవన్నీ భీమ్‌రావుకు వరసగా అప్పజెప్పింది, ఇది తప్ప. దాచలేదు. ఇది చేసిన పని అని అసలు తోచనే లేదు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నానని ఎవరైనా చెప్పుకుంటారా?

"సూది వేస్తవా, కడుపు తోముతవా?" అంది లింగవ్వ.

సూది వేసింది. అన్నం పెట్టింది. అత్త చేయి కడుక్కునే దాకా ఆగి, స్పిరిటు సీసా పట్టుకొని మూలకు పోయింది.

"నా స్పిరిటు ఎందుకే?"

"కంప్యూటరుకు సూది వేస్త."

కొక్కెం ఎత్తింది. కరకరమంది. ఈసారి భయం వేయలేదు, సిగ్గు ముందే ఆ జాగా ఆక్రమించింది. పలక తిప్పి చూస్తే గుండ్రంగా, ఎండి, పగుళ్లు పట్టి, ఎర్రటి చుక్కతో సహా అక్కడే ఉంది బొట్టు. ఎంత పొందికగా పెట్టింది! ఇంత చక్కగా తన ముఖానికి కూడా ఏనాడూ పెట్టుకోలేదు.

దూది స్పిరిటులో ముంచి తుడిచింది. పసుపు కరిగి ఇంకాస్త పరుచుకుంది. మళ్లీ తుడిచింది. దూది అయిపోతే పాత తెల్ల లంగా చింపింది. బోర్డు మీద గుంటలో సన్నటి తీగలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటికీ అంటింది. ఒక్కటి వంగినా ఖతం. ఐలైనర్ కుంచె కడిగి, స్పిరిటులో ముంచి, పసిపిల్ల కంట్లో నలుసు తీసినట్టు ఊపిరి బిగబట్టి తీసింది. వెన్ను నుంచి చెమట కారింది. లింగవ్వ బీడీ ఆకు పక్కన పెట్టి కోడలినే చూస్తోంది.

కాసేపు ఆరనిచ్చి, మిగిలిన పేస్టు వీపుకు పూసి, బిగించి, స్విచ్ వేసింది.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. రోజారాణి కళ్లు మూసుకుంది. టిక్కున ఒక చిన్న కూత వినిపించింది. కళ్లు తెరిస్తే నల్ల తెర నిండా తెల్లటి అక్షరాలు. ప్రాసెసర్ మారింది, ఏదైనా మీట నొక్కు అని ఇంగ్లీషులో అడుగుతోంది. ఆమె అన్ని మీటలూ నొక్కింది.

బ్యాటరీ తీసినందుకు తేదీ ఎప్పటి సంవత్సరానికో వెనక్కి పోయింది. ఆ సంవత్సరం రోజారాణి నడుము ఇంకా నడుము లాగే ఉండేది. కాసేపు తేదీ మార్చాలనిపించలేదు.

"నడిచిందా?"

"నడిచింది అత్తమ్మా!"

"చూసినవా?" లింగవ్వ గర్వంగా ఆకు కత్తెర అందుకుంది. "బొట్టు వెట్టినవ్ గనుక నడిచింది. పెట్టకపోతే నడుస్తుండెనా?"

రోజారాణి పసుపు అంటిన లంగా ముక్కలను కాలితో టేబులు కిందికి తోసింది.

దివ్యశ్రీ కార్డు టైపు చేస్తుంటే వేళ్లు సాగాయి గాని మనసు సాగలేదు. మెట్లు దిగిపోయిన ఆ ఇద్దరు ప్రింటర్ వాళ్లే కనిపిస్తున్నారు. చివరికి ఫోను తీసింది.

"భీమ్‌రావన్నా, నడిచిందే."

"మంచిది," అన్నాడతను ముభావంగా. "ఏముండె?"

"దుమ్ము..." అంది. తర్వాత, "దుమ్ము గాదు," అంది. తర్వాత మొత్తం చెప్పింది.

  అవతల నుంచి నవ్వు వినపడింది. అది ఆగేది కాదని తెలిసి ఆమె ఫోను టేబులు మీద పెట్టి, కార్డులో రెండు వరసలు టైపు చేసి, మళ్లీ చెవికి పెట్టుకుంది.

"అక్కా, ఫోటో తీసినవా?"

"తియ్యలే. అన్నా, నీకు దండం బెడ్త, ఎవ్వలకు చెప్పకు."

"గదెట్లక్కా? నా ముక్క సచ్చిందని పదిమంది ముందర నువ్వే చెప్తివి. బతికే ఉందని నేను చెప్పుకోవద్దా?"

న్యాయమైన మాట. రోజారాణి తన మీద తానే కేసు గెలిచి, తానే ఓడినట్టు తల ఊపింది. ఫోనులో తల ఊపితే అతనికి కనపడదని ఆలస్యంగా గుర్తొచ్చి, "చెప్పుకో" అంది.

అతను చెప్పుకున్నాడు. పొద్దుగూకే వేళకు ప్రూఫ్ కోసం వచ్చిన సాలోమోను గుమ్మంలోనే, "చెల్లె, కార్డుకు నాలుగు మూలల పసుపు నేను పెడ్తగని, నువ్వు ముట్టకు," అన్నాడు. ట్రాలీల అడ్డా మీద ముత్తెన్నకు ఎవరు చెప్పారో ఆమెకు తెలియలేదు.  ఆ రాత్రి అతను అన్నం తింటూ తింటూ మూతి బిగబట్టి, ఒక్కడే భుజాలు ఊపుకుంటూ ఉన్నాడు.

ఆదివారం ఫ్రిజ్జు వచ్చింది. ట్రాలీ మీంచి దించి, ఇద్దరు పట్టుకొని గుమ్మం లోపల నిలబెట్టారు. అందరూ మూల వైపు చూశారు. తెర మీద దివ్యశ్రీ పెళ్లి కార్డు వెలుగుతోంది. రోజారాణి కుర్చీలో నుంచి లేవలేదు.

"పనిల ఉన్న," అంది.

ముత్తెన్న టేపు బయటికి తీశాడు, లోపల పెట్టుకున్నాడు. వంటింట్లోకి పోయి, అటూ ఇటూ చూసి, "బియ్యం డ్రమ్ము తీస్తే పడుతది," అన్నాడు.

"డ్రమ్ము యాడ వెడుతవ్?" అని లింగవ్వ అడిగింది.

అందరూ మళ్లీ మూల వైపే చూశారు. ఈసారి టేబులు కిందికి. రోజారాణి కాళ్లు ముడుచుకుంది. అంతకన్నా ఆమె దగ్గర వేరే దారి లేదు. డ్రమ్ము దొర్లుకుంటూ వచ్చి, ఆమె మోకాళ్లు ఉండాల్సిన చోట కూర్చుంది. ఆమె కుర్చీని పక్కకు తిప్పి, మెడ మాత్రం తెర వైపు పెట్టి టైపు చేయడం అలవాటు చేసుకోవాలనుకుంది. మూల అయితే మిగిలింది.

వంటింట్లో ఫ్రిజ్జు నిలబడ్డాక లింగవ్వ పసుపు కుంకుమల పళ్లెం తెచ్చి కోడలి చేతికిచ్చింది. రోజారాణి వేలు పసుపులో ముంచి, ఫ్రిజ్జు ముందుకు పోయింది. పక్కకు పోయింది. వంగి వెనక్కి తొంగిచూసింది.

"ఏం జూస్తున్నవే?" అంది లింగవ్వ.

"దీనికి ముఖం ఎటుందో చూస్తున్న అత్తమ్మా."

ముత్తెన్న అప్పటికే ప్లగ్గు రెండు చేతుల్లో దాచుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాడు. "యాడన్న పెట్టు గని, గిక్కడ మాత్రం వద్దు," అన్నాడు. నిన్నటి నుంచి బిగబట్టిన నవ్వు అప్పుడు బయటికొచ్చింది. ఎందుకో తెలియకపోయినా లింగవ్వ కూడా నవ్వింది.

రోజారాణి మునివేళ్ల మీద లేచి, పై తలుపుకు, ఏ వైరుకూ అందని ఎత్తులో, గుండ్రంగా నిండైన బొట్టు పెట్టింది.